నెల్లూరులో మంచుకొండలు, దారిలో బిట్రగుంట

ఒంగోలులో మెము (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే కరెంటు రైలు) ఎక్కితే కావలి దాటాక బిట్రగుంట వస్తుంది. పెట్టెలో ఒక్కరూ కిటికీ వైపు తల తిప్పలేదు. విజయవాడ, చెన్నైల మధ్య 431 కిలోమీటర్ల దారికి ఈ ఊరు దాదాపు నడిమధ్యన ఉంది. ఆవిరి ఇంజన్లకు బొగ్గు, నీళ్లు నింపాలి, బూడిద తీయాలి, ఇంజన్ మార్చాలి. అందుకే ఇక్కడ అంత పెద్ద లోకో షెడ్డు, అంత రైల్వే కాలనీ. కరెంటు ఇంజన్లు వచ్చాక ఆ పని పోయింది, ఊరి సందడీ పోయింది.

నెల్లూరులో దిగాక రెండు కిలోమీటర్లు కూడా లేని దూరానికి ఆటో 120 అడిగాడు. బేరమాడితే 80కి దిగాడు. అదీ ఎక్కువే. వెళ్లింది పిల్లల కోసం ఏర్పాటు చేసిన ఒక ప్రదర్శన గదికి, అక్కడి మోడల్ రైలు చూడ్డానికి. ఎనిమిదడుగులకు నాలుగడుగుల బల్ల మీద మంచుకొండలు, పైన్ చెట్లు, ఏటవాలు కప్పుల ఇళ్లు! పెట్టెలో వచ్చిన కిట్టును అట్లాగే దించేశారు. పెన్నా లేదు, వరి మడి లేదు. బయట ఉక్కపోతకు చొక్కా ఒంటికి అంటుకుపోతోంది.

రైలేమో దూరపు మలుపులో ఆగి ఉంది. "పొద్దున బాగానే తిరిగింది సార్, మద్దేన్నం నుంచే ఇట్టా" అన్నాడు చూసుకునే కుర్రాడు.

వోల్టు మీటరు పెట్టి చూస్తే పట్టాలకు కరెంటిచ్చే కంట్రోలర్ దగ్గర 12 వోల్టులు, మలుపు దగ్గర 9 కూడా లేవు. మొత్తం పట్టాలకు కరెంటు ఒకే చోట ఇచ్చారు. అక్కణ్ణుంచి ప్రతి అతుకూ కొంత వోల్టేజీ తినేస్తుంది. మన సముద్రపు గాలికి పట్టా ముక్కల్ని కలిపే ఆ అతుకు రేకులు ఇంకా త్వరగా పాడవుతాయి. బల్ల కింద ఇంటి వైరింగుకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు రెండు వరసలు లాగి, మీటరు దూరానికొక చోట సన్న వైర్లతో పట్టాల పక్కకు టంకం వేస్తే ఈ బాధ ఉండదు. అతుకు రేకును నమ్ముకోకూడదు.

పట్టాలను గరుకు కాగితంతో రుద్దుతున్నారట. అదే పెద్ద తప్పు. ఆ గీతల్లోనే మురికి కూరుకుపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన పాత నూలు గుడ్డ పట్టా మీద ఒక్కసారి లాగితే గుడ్డ మీద రెండు నల్లటి చారలు పడ్డాయి. ఇంజన్ తిప్పి చూస్తే ఇరుసుకు వెంట్రుకలు, దుప్పటి నూగు లాంటి దుమ్ము చుట్టుకుని ఉన్నాయి. పట్టాలు రోజూ ప్రదర్శన తెరవక ముందు, చక్రాలు వారానికొకసారి తుడవాల్సిందే. ఇంకొకటి, రోజంతా తిప్పితే మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్షులు అరిగిపోతాయి. బటన్ నొక్కితే 90 సెకన్లు తిరిగి ఆగేలా టైమర్ పెట్టాలి. పిల్లలకూ తామే నడిపామన్న సంబరం ఉంటుంది.

ఇది హెచ్‌ఓ సైజు, అంటే అసలులో 87వ వంతు. పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. అది 1435 మిల్లీమీటర్ల విదేశీ గేజికి లెక్క. మన బ్రాడ్‌గేజి 1676, కాబట్టి 19.3 రావాలి. పట్టాలన్నీ పీకక్కర్లేదు. గోడ పక్కన 19.3తో ఒక ముక్క, 11.5తో ఇంకో ముక్క బిగించి, పక్కన ఒక స్కేలు వేలాడదీస్తే చాలు. రెండోది మీటర్‌గేజి, ఒకప్పుడు దొనకొండ, మార్కాపురం మీదుగా నడిచింది. ఒక గేజి నుంచి ఇంకో గేజి రైలుకు మారాల్సి వచ్చినప్పుడు సామాన్లెందుకు దించాల్సి వచ్చేదో పిల్లలకు కొలిస్తేనే అర్థమవుతుంది.

దూరాలు మాత్రం కుదించక తప్పదు. కిలోమీటరంటేనే బల్ల మీద పదకొండున్నర మీటర్లు!

మంచుకొండ తీసేసిన చోట బిట్రగుంట షెడ్డు పెట్టమన్నాను. ఇంజన్‌ను నిలబెట్టి గుండ్రంగా తిప్పే తిరుగుడు బల్ల 30 సెంటీమీటర్లది ఉంటే పెద్ద ఆవిరి ఇంజన్ కూడా పడుతుంది. ఇంజన్‌ను ముందు వైపుకి తిప్పడం పిల్లలు కళ్లారా చూస్తారు. ఒక్క చిక్కుంది. సగం చుట్టు తిరిగేసరికి కుడి పట్టా ఎడమదవుతుంది, ప్లస్సూ మైనస్సూ తారుమారై షార్ట్ అవుతుంది. కింద కరెంటు అందించే రింగును రెండు సగాలుగా కోసి, మధ్యలో ఖాళీ వదిలితే ప్లస్సూ మైనస్సూ వాటంతటవే సరైన పట్టాకు మారతాయి.

కుర్రాడు సుద్దముక్క తెచ్చి, మంచుకొండ మొదట్లో గుండ్రంగా గీశాడు. "ఇక్కడైతే సరిపోద్దా సార్?" అన్నాడు. బల్ల అంచుకు మరీ దగ్గరైంది. ఒక జానెడు లోపలికి జరపమన్నాను.