ఉప్పుబోరు నీళ్లకు వంగరెడ్డికూర: అనంతపురంలో నా అనుభవం

అనంతపురంలో ఇంటి ముందు నేలంతా పచ్చగా కప్పుకోవాలంటే ఎవరైనా మొదట అడిగేది లాన్ గడ్డి. గడ్డికి నీళ్లు కావాలి, అవీ మంచినీళ్లు కావాలి. ఇక్కడ ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. చాలా కాలనీల్లో బోరు నీళ్లు పుక్కిలిస్తేనే ఉప్పు తెలిసిపోతుంది. అందుకని నేను గడ్డి జోలికి పోకుండా వంగరెడ్డికూర వేశాను. శాస్త్రీయంగా దీన్ని సెసూవియం పోర్చులకాస్ట్రం అంటారు. కోస్తాలో ఉప్పుటేళ్ల గట్ల మీద, ఉప్పుమళ్ల అంచుల్లో, రొయ్యల చెరువు కట్టల మీద పాకుతూ కనిపించే మొక్క ఇది. అడుగు ఎత్తుకు మించదు, కణుపుకణుపునా వేరు దింపుతుంది, దళసరి ఆకుల్లో నీరు దాచుకుంటుంది, ఏళ్ల తరబడి నిలుస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పుంటుంది. మన బోరు టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల కొలత) 2000 చూపించినా లీటరుకు 2 గ్రాములే. ఈ మొక్కకు అది లెక్కే కాదు.

నర్సరీలో అడిగితే చాలాసార్లు బేబీ సన్ రోజ్ చేతిలో పెడతారు. దాని ఆకు గుండె ఆకారంలో ఉంటుంది. అది వేరే మొక్క. వంగరెడ్డికూర ఆకు సన్నగా, పొడుగ్గా, నున్నగా ఉంటుంది, కణుపుకు ఎదురెదురుగా రెండు వస్తాయి. పువ్వు చిన్న గులాబీ నక్షత్రం, పొద్దున విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. పసుపు పువ్వు పూసిందంటే అది గంగవాయిలు. ఆకు గుండ్రంగా ఉండి, జతలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే గలిజేరు. ఈ రెండూ మన మళ్లల్లో పిలవకుండానే మొలుస్తాయి కాబట్టి లేతగా ఉన్నప్పుడే గుర్తుపట్టి పీకాలి. ముదిరి గింజ రాలితే మరుసటి వానకు మళ్లీ అవే.

కొమ్మలు తెచ్చుకోవడానికి దగ్గరి తీరం నెల్లూరు వైపు. చెరువు యజమానిని అడిగి కట్ట మీద కోసుకుంటే చాలు. అభయారణ్యాల్లో, మడ అడవుల్లో చెయ్యి పెట్టకూడదు. కోసిన కొమ్మల్ని తడిపి పిండిన వార్తాపత్రికలో చుట్టి గోనెసంచిలో వేసుకోవాలి. ప్లాస్టిక్ కవరులో మూతి కట్టి బస్సులో తెస్తే దిగేసరికి వేడికి ఆకులు జిగురుగా కారిపోయి ఉంటాయి.

నాటే కాలం గురించి గట్టిగా చెప్పాలి. కరువుకు తట్టుకునే మొక్క కదా, ఎప్పుడు పెట్టినా బతుకుతుందిలే అనుకుంటారు. తట్టుకునేది వేళ్లూనిన మొక్క. వేరు లేని కొమ్మ ముక్కకు ఆ శక్తి లేదు. ఏప్రిల్, మే నెలల్లో నాటితే మూడో రోజుకే ముడుచుకుపోతుంది. జూన్, జూలైలలో ఎండ కాస్త తగ్గినా రామగిరి కొండల మీద గాలిమరల్ని తిప్పే ఆ పడమటి గాలి ముక్కలోని తడినంతా లాగేస్తుంది. ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు సగం దాకా సరైన అదను. మన జిల్లాలో ఎక్కువ వాన పడేది సెప్టెంబరులోనే, పైగా గాలి జోరు కూడా అప్పటికి తగ్గుతుంది.

పది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మడి అనుకుందాం. అడుగు లోతు తవ్వాలి. తవ్వేటప్పుడే తుంగ గడ్డల్ని ఒక్కటీ మిగలకుండా ఏరేయాలి. ఈ పనిలో బద్ధకిస్తే తర్వాత తీరుబడి ఉండదు. వంగరెడ్డికూర చాపలా పరుచుకున్నాక దాన్ని చీల్చుకుని తుంగ పైకి లేస్తుంది, పీకితే చాప కూడా లేచి వస్తుంది. ఎర్ర గరుసు నేలైతే తవ్విన మట్టి రెండు తట్టలకు ముతక ఇసుక ఒక తట్ట కలిపితే సరి. తాడిపత్రి, ఉరవకొండ వైపు నల్లరేగడి ఉన్నవాళ్లు మట్టి, ఇసుక సమానంగా కలిపి మడిని అర అడుగు ఎత్తుగా పోసుకోవాలి. చివికిన పశువుల ఎరువు ఈ మడి మొత్తానికి రెండు తట్టలు చాలు. యూరియా అసలు వద్దు. నత్రజని ఎక్కువైతే కాడలు మెత్తగా సాగి, పువ్వు తగ్గి, పిండినల్లికి విందవుతుంది.

ముక్క జానెడుకు కాస్త తక్కువగా, నాలుగైదు కణుపులు ఉండేలా కోయాలి. కింది రెండు కణుపుల ఆకులు తుంచేసి, కోసిన చివర ఆరేలా నీడలో ఒక పూట ఉంచి, ఆ రెండు కణుపులూ మట్టిలోకి పోయేలా ఏటవాలుగా నాటాలి. అడుగుకొకటి చొప్పున ఈ మడికి ముప్పై ముక్కలు పడతాయి. నాలుగైదు ఎక్కువే ఒక కుండీలో పెట్టుకుంటే పోయినచోట పూడ్చుకోవచ్చు. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు తడపాలి, బురద కానివ్వకూడదు. వేళ్లూనిన మొక్క కొన్నాళ్లు తడిలో ఉన్నా ఏమీ కాదు, వేరు లేని ముక్క మాత్రం మొదట్లో నల్లబడి కుళ్లుతుంది. మెల్లగా లాగి చూస్తే ముక్క పట్టు ఇచ్చిందంటే వేరు పడ్డట్టే. అప్పటి నుంచి వారానికోసారి సరిపోతుంది. సెప్టెంబరులో నాటింది సంక్రాంతికల్లా దాదాపు మడంతా కమ్ముతుంది.

ఎండ పూర్తిగా పడాలి. కానుగ చెట్టు కింద, ప్రహరీ నీడలో పెడితే కణుపుల మధ్య దూరం పెరిగి తీగలా సాగుతుంది, నేల కనిపిస్తూనే ఉంటుంది. మండు వేసవిలో ఆకులు ఎర్రబడి సన్నబడితే భయపడనక్కర్లేదు. వట్టి ఎండకు అది సహజం. ముడతలు కూడా పడ్డాయంటే దాహమని అర్థం. నాలుగైదు రోజులకోసారి నిండుగా పెట్టాలి.

నిండుగా అనే మాట ఉప్పునీళ్లకు మరీ ముఖ్యం. రోజూ కొంచెం కొంచెం చిలకరిస్తే నీరు ఆవిరై ఉప్పు పైపొరలో తెల్లగా పేరుకుంటుంది. ఒకేసారి అడుగు లోతు తడిసేలా పెడితే ఉప్పు వేళ్ల కిందికి దిగుతుంది. నేనైతే డ్రిప్పు కన్నా పైపే మేలంటాను. మన నీళ్లకు డ్రిప్పర్ల నోళ్లు సున్నం కట్టి మూసుకుపోతాయి, వాటిని తుడుస్తూ కూర్చోవడం వేరే కొలువు. వంటింటి ఆర్వో మెషీన్ వదిలే నీళ్లను కూడా ఈ మడికి మళ్లించుకోవచ్చు. మామూలు మొక్కలకు పనికిరాని ఆ నీళ్లకు ఇంతకన్నా మంచి చోటు ఇంట్లో లేదు.

వంగరెడ్డికూర ఉప్పును పీల్చి ఆకుల్లో, కాడల్లో దాచుకుంటుంది. నేల బాగుపడుతుందని చాలామంది చెప్పేది అందుకే. అది నిజం కావాలంటే కత్తిరించిన కొమ్మల్ని మడి బయట పారేయాలి. అక్కడే మల్చింగులా పరిస్తే తీసిన ఉప్పు తిరిగి నేలకే చేరుతుంది. కంపోస్టు గుంతలో వేసినా అంతే, ఆ ఎరువు వేసిన టమాటా మడికి ఉప్పు పోతుంది.

నేల పైపొర పెచ్చు కట్టి నీరు ఇంకకపోతే జిప్సం వేయాలి. చెనక్కాయకు ఎకరాకు 200 కిలోలు వేస్తారు కదా, అంటే చదరపు మీటరుకు సుమారు 50 గ్రాములు. ఈ చిన్న మడికి సుమారు 140 గ్రాములు అవుతుంది. సెప్టెంబరు వానల ముందు చల్లితే అందులోని కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియాన్ని వదిలిస్తుంది, వాన దాన్ని కిందికి కడుగుతుంది. అసలు చౌడు నేలకు ఈ మోతాదు చాలదు, మట్టి పరీక్ష చేయించుకుని వేయాల్సిందే.

రెండేళ్లు దాటాక మధ్యలో కాడలు ముదిరి బోసిపోతాయి, ఆకులన్నీ కొసల్లోనే మిగులుతాయి. మంచి వాన పడ్డాక నాలుగు అంగుళాలు ఉంచి కత్తెరేస్తే కొత్త చిగురు వస్తుంది. పిండినల్లి కనిపిస్తే ముందు నీటి ధారతో కొట్టి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లాలి. మేకలకు మందు లేదు. ఉప్పగా ఉండే ఆకు వాటికి మహా ఇష్టం, గేటు తెరిచి ఉంటే ఒక్క పూటలో మడి మొదళ్లకు వచ్చేస్తుంది. కంచె వేసుకోవాలి.

దీన్ని కూరగా తినేవాళ్లూ ఉన్నారు. లేత కొసలు ఉడికించి ఆ నీళ్లు వంపేసి పప్పులో వేస్తే వేరే ఉప్పు పెద్దగా పట్టదు. బీపీ ఉన్నవాళ్లు తినకపోవడమే మంచిది. ఆర్వో వదిలిన నీళ్లు పారే మడి నుంచి మాత్రం నేను వంటకు కోయను. మన జిల్లా నీళ్లలో ఫ్లోరైడు ఉంది, ఆ వదిలిన నీళ్లలో అది ఇంకా చిక్కగా ఉంటుంది. కూరకు కావాలంటే వాననీటితో పెరిగే కుండీ ఒకటి విడిగా పెట్టుకోవాలి.