డాట్ ప్రొఫైల్‌లో మూడు వరుసలు

బుధవారం, రాత్రి.

ఉదయం ఆఫీసుకు చేరేసరికి, రాత్రి రెండు గంటలకు నడవవలసిన బ్యాకప్ నడవలేదని తెలిసింది. సొలారిస్ 10 అనే యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఇంకా పనిచేస్తున్న పాత సర్వర్ అది. దాని జోలికి వెళ్లడానికి అందరూ జంకుతారు కాబట్టి చివరికి నా నెత్తినే పడుతుంది. లాగిన్ కాగానే, జావా ఎక్కడుందో చెప్పే జావా హోమ్ అనే వేరియబుల్ పేరును, సమానం గుర్తును, వెనకాల ఉన్న డైరెక్టరీని కలిపి చూపించి, ఇది ‘ఐడెంటిఫయర్ కాదు’, అంటే పేరుగా చెల్లదు, అన్నది షెల్ (మనం టైపు చేసే కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్). సగం సంగతి అక్కడే అర్థమైంది. మా జట్టులో కొత్తగా చేరిన కుర్రవాడు, తన లినక్స్ ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తున్న డాట్ ప్రొఫైల్‌ను (లాగిన్ కాగానే షెల్ చదివే సెట్టింగుల ఫైలు) నిన్న సాయంత్రం తెచ్చి ఇందులో పెట్టాడు.

తప్పంతా అతనిదే అనలేను. వేరియబుల్‌కు విలువ ఇచ్చి అదే వరుసలో ఎక్స్‌పోర్ట్ చేయడం, అంటే ఆ షెల్ నడిపే ప్రోగ్రాములకూ దాన్ని అందించడం, లినక్స్‌లో వాడే బాష్ షెల్‌లో అందరికీ అలవాటే. కానీ ఈ యంత్రంలోని షెల్ ఎస్‌హెచ్, 1979లో ఏడవ వెర్షన్ యూనిక్స్‌తో వచ్చిన బోర్న్ షెల్ సంతతి; ఆ రెండూ ఒకే వరుసలో ఉంటే దానికి అర్థం కాదు. 2011లో వచ్చిన సొలారిస్ 11లో దాని స్థానంలో కార్న్ షెల్‌ను పెట్టారు గానీ, మాది అంతకు ముందుది.

“అన్నా, లాగిన్ షెల్‌ను బాష్‌కు మార్చేస్తే పోలేదా?” అని అడిగాడు కుర్రవాడు. లాగిన్ వరకైతే సరిపోతుంది. అయితే ఇక్కడ, చెప్పిన వేళకు పనులను నడిపే క్రాన్ తన పనులను పాత షెల్‌తోనే నడుపుతుంది, పైగా డాట్ ప్రొఫైల్‌ను తనంత తాను చదవదు. అందుకే దాని పనుల జాబితా అయిన క్రాన్‌ట్యాబ్ వరుసలో ముందొక చుక్క పెట్టి ఆ ఫైలును చదివించి, ఆ తర్వాతే బ్యాకప్‌ను పిలుస్తున్నాం. రాత్రి ఆ చదవడంలోనే షెల్ ఆగిపోయింది, బ్యాకప్ దాకా రానేలేదు.

విలువ ఇవ్వడం ఒక వరుసలో, ఎక్స్‌పోర్ట్ మరో వరుసలో రాయగానే మొదటిది తీరింది. వెంటనే రెండోది బయటపడింది: ప్రాంప్ట్‌లో (కమాండు టైపు చేసే చోటికి ముందు కనిపించేది) యంత్రం పేరు కోసం డాలర్ గుర్తు పక్కన బ్రాకెట్లలో రాసిన కమాండు ఈ షెల్‌కు తెలియదు, కనుక దాన్ని బ్యాక్‌టిక్‌ల (`) మధ్యకు మార్చాను. ఈ రెండూ కనీసం అరిచి చెప్పాయి. మూడోది నోరు మెదపలేదు. అంతా బాగుందనుకుని, షెల్ కమాండ్లను వెతికే డైరెక్టరీల జాబితా అయిన పాత్‌ను ఎకో కమాండుతో తెర మీదికి తెచ్చి చూస్తే, చివర హోమ్ డైరెక్టరీకి బదులు దానికి పొట్టి గుర్తైన టిల్డే (~) ఉన్నది ఉన్నట్టుగా కూర్చుని ఉంది. బోర్న్ షెల్ టిల్డేను హోమ్ డైరెక్టరీగా మార్చుకోదు. నాకు ఇలాంటి మౌనపు పొరపాట్లంటేనే భయం, ఎందుకంటే వారం తర్వాత ఏదో ఒక స్క్రిప్టు ‘దొరకలేదు’ అన్నప్పుడు ఈ వరుస ఎవరికీ గుర్తుకు రాదు. టిల్డే తీసేసి డాలర్ హోమ్ అని రాశాను.

ఇదంతా చేస్తున్నంతసేపూ ఉదయం తెరిచిన మొదటి సెషన్‌ను మూయలేదు. ప్రొఫైల్ చెడి కొత్తగా లాగిన్ కాలేకపోతే చేతిలో మిగిలేది అదొక్కటే. మధ్యాహ్నం, ఎన్విరాన్‌మెంట్‌ను (షెల్‌కు ముందే అందే వేరియబుళ్లను) ఖాళీ చేసి, నడిపే ప్రతి కమాండునూ చూపించే ఎక్స్ ఆప్షన్‌తో అదే పాత షెల్‌ను పిలిచి, క్రాన్ చదివించినట్టే ఫైలును చదివించి ఒక్కో వరుసనూ కుర్రవాడికి చూపించాను. తర్వాత బ్యాకప్‌ను చేత్తో నడిపితే పూర్తయింది. సాయంత్రం వేరే టెర్మినల్ నుంచి రెండుసార్లు లాగిన్ అయి చూసుకున్నాకే ఆ మొదటి సెషన్‌ను మూశాను.