కిరీటం లేని తల్లి

నవంబర్ 1, కర్ణాటక రాష్ట్రం ఏర్పడిన రోజు. మా బెంగళూరు అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఎరుపు పసుపు జెండా, దాని కింద కనకాంబరాల దండతో, కిరీటం పెట్టుకున్న కన్నడ తల్లి భువనేశ్వరి పటం. 1956లో ఇదే రోజున మన ఆంధ్రప్రదేశ్ కూడా ఏర్పడింది మరి.

"మీ తెలుగు తల్లి చేతిలో ఏముంటాయి?" అని పక్కింటి కన్నడావిడ అడిగారు.

"పూర్ణకుంభం, వరికంకులు" అన్నాను.

పై అంతస్తు కరీంనగర్ అక్క ఊరుకుంటుందా! "మా తెలంగాణ తల్లికి 2024 నాటి విగ్రహంలో కిరీటమే లేదు. ఆకుపచ్చ చీర, చేతిలో వరి, జొన్న, సజ్జ, మొక్కజొన్న కంకులు" అంది.

ఆ రూపం మీద తగవులు చాలానే ఉన్నాయి గానీ, నాకు మాత్రం నచ్చింది. 1905లో అవనీంద్రనాథ్ టాగూర్ గీసిన భారతమాతకూ కిరీటం లేదు. కాషాయ చీర, నాలుగు చేతులు, ఒక చేతిలో వరికంకులు.

ఈ మాట భువనేశ్వరి పటం ముందు పైకి అనలేదు లెండి. కేసరిబాత్ ఇంకా పంచలేదు.