నార్త్ స్టార్ ముందు నాన్న

శనివారం. పొద్దున్నుంచీ ముసురే. అమ్మకి చలికోటు కొందామని అందరం ఔట్‌లెట్‌కి వెళ్లాం. ఇంగ్లండులో మేముండే వైపు, స్విండన్ ఊళ్లో ఈ షాపులన్నీ పాత రైల్వే వర్క్‌షాపు కట్టడాల్లోనే పెట్టారు. నాన్న కోట్ల వైపు చూడను కూడా చూడలేదు. తలెత్తి ఇనప స్తంభాలూ దూలాలూ చూస్తూ నిలబడిపోయారు. బిట్రగుంట లోకో షెడ్డులో ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేరి, డీజిల్ డ్రైవరుగా రిటైరైన మనిషిని స్వెట్టర్ల మధ్య ఎంతసేపని తిప్పుతాం? అమ్మని మా ఆయనకి అప్పగించి, నాన్నని పక్కనే ఉన్న స్టీమ్ మ్యూజియానికి తీసుకెళ్లాను.

నేను ఇదివరకు పిల్లాడితో వెళ్లినప్పుడు ఇంజన్లన్నీ ఒకేలా కనిపించాయి. ఇవాళ నార్త్ స్టార్ అనే పాతకాలపు ఆవిరి ఇంజను దగ్గరే గంటకి పైగా పట్టింది. ముందు నాన్న చూసింది ఇంజన్ని కాదు, కింద పట్టాల్ని. “ఇదేం గేజమ్మా, మధ్యలో మంచం వేసుకోవచ్చు” అన్నారు. గేజంటే రెండు పట్టాల మధ్య ఎడం. మన బ్రాడ్ గేజి 5 అడుగుల 6 అంగుళాలు. ఇది 7 అడుగుల పావు అంగుళం. అప్పటికి ఇంగ్లండులో రైళ్లున్న చోట్ల దాదాపుగా 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలే వాడుక. బొగ్గుగనుల బళ్ల కొలత అది. ఈ వెడల్పు లైను వేసిన గ్రేట్ వెస్టర్న్ రైల్వే కంపెనీకి ఇంజనీరైన బ్రూనెల్‌కి అప్పటికింకా ముప్ఫై కూడా నిండలేదు. గుర్రాలు లాగిన బళ్ల కొలత నేనెందుకు పట్టుకోవాలి, వేగంగా, కుదుపు లేకుండా పోవాలంటే పట్టాలు ఎడంగా ఉండాలి అన్నాడు. నాకు అందులో తప్పేం కనపడదు.

తప్పంతా ఇంజన్ల దగ్గర జరిగింది. లైను వేయడంలో అంత ఘనుడూ ఇంజన్లు ఆర్డరిచ్చేటప్పుడు వింత షరతులు పెట్టాడు. గంటకి 30 మైళ్లు పోయేటప్పుడు, ఆవిరి తోస్తే ముందుకీ వెనక్కీ ఆడుతూ చక్రాన్ని తిప్పే పిస్టన్ నిమిషానికి 280 అడుగులు దాటి కదలకూడదు. ఇంజను బరువు పదిన్నర టన్నులు మించకూడదు. పిస్టన్ నెమ్మదిగా, బండి జోరుగా పోవాలంటే చక్రం పెద్దది చెయ్యాలి. చక్రం బరువెక్కితే ఇంకెక్కడో కోత పెట్టాలి. ఆ కోత ఆవిరి పుట్టించే బాయిలర్ మీద పడింది. నేనిది చెబుతుంటే నాన్న మధ్యలోనే అందుకున్నారు: “చిన్న బాయిలరిచ్చి అంత చక్రం తిప్పమంటే ఫైర్‌మన్ చావాలి.”

ఏజాక్స్ అనే ఇంజనుకి చక్రాలు 10 అడుగుల ఎత్తట. హరికేన్‌కీ అంతే, పైగా దాని బాయిలర్ వేరే బండి మీద! ముందు బండి మీద ఇంజను, వెనక బండి మీద బాయిలర్, రెంటికీ మధ్య కదిలే కీళ్లతో ఆవిరి గొట్టాలు. ఇది వినగానే నాన్న పకపకా నవ్వి, వెంటనే ఆపేసి, “చక్రం మీద బాయిలర్ బరువు లేకపోతే పట్టా మీద పట్టుండదే, జారిపోదూ?” అన్నారు. అచ్చంగా అదే జరిగింది. ఈ వింతలన్నిటినీ నడిపించమని కంపెనీ 1837 ఆగస్టులో డేనియల్ గూచ్ అనే కుర్రాణ్ణి తెచ్చి పెట్టింది. ఆ నెలలోనే అతనికి 21 ఏళ్లు నిండాయి. మర్నాటి బళ్లకి ఇంజన్లు దొరికేలా రాత్రుళ్లు షెడ్డులోనే పడి ఉండేవాడట. నాన్నకి గూచ్ అక్కడే నచ్చేశాడు. బ్రూనెల్ మీద మాత్రం గౌరవం కాస్త తగ్గినట్టుంది. ఎవరెంత చెప్పినా షెడ్డు మనిషికి షెడ్డు మనిషే ముద్దు.

ఆ మందలో నికరంగా పరిగెత్తినది నార్త్ స్టార్ ఒక్కటే. అది బ్రూనెల్ షరతులకి పుట్టింది కాదు మరి. రాబర్ట్ స్టీఫెన్‌సన్ కంపెనీ అమెరికాలో న్యూ ఆర్లియన్స్ రైల్వే కోసం చేసింది, 5 అడుగుల 6 అంగుళాల గేజికి (“మన గేజే!” అని నాన్న సంబరం). ఆ బేరం చెడితే 7 అడుగులకి మార్చి వీళ్లకి అమ్మారు. 1837 నవంబరులో థేమ్స్ నది మీద పడవలో, లండన్‌కి పడమటనున్న మెయిడెన్‌హెడ్ చేరింది. అప్పటికి లైనే లేదు! 1838 మే 31న డైరెక్టర్ల బండి లాగింది, జూన్ 4 నుంచి లండన్ ప్యాడింగ్టన్–మెయిడెన్‌హెడ్ మధ్య జనం ఎక్కారు.

ఇక అసలు కథ. ఆ ఏడాది చివరికి వాటాదార్లలో లివర్‌పూల్ వర్గం గేజి మీద విరుచుకుపడింది. పరీక్షకి లార్డ్‌నర్ అనే పండితుణ్ణి దించారు. ఆయన నార్త్ స్టార్‌ని పరిగెత్తించి, 40 మైళ్ల వేగంలో 16 టన్నులకి మించి లాగలేకపోతోంది, గాలి అడ్డుపడుతోంది, కాబట్టి వేగం కోసం వెడల్పు గేజి దండగ అని తేల్చాడు. నేను ఇక్కడ ఆపి, ఏమై ఉంటుందని నాన్నని అడిగాను. ఆయన చిమ్నీ వైపు చూశారు. “స్టీమ్ నిలబడలేదన్నమాట. స్మోక్ బాక్స్ తలుపు తీసి బ్లాస్ట్ పైపు చూసుకోవాలి ముందు.”

నాకు ఒళ్లు పులకరించింది, అబద్ధమెందుకు. పిస్టన్లు ఆడే సిలిండర్లలో పని అయిపోయిన ఆవిరి ఆ బ్లాస్ట్ పైపు అనే గొట్టం మూతిలోంచి చిమ్నీలోకి ఎగజిమ్ముతుంది. ఆ విసురుకే పొగ లాక్కుపోయి కింద నిప్పుకి గాలి అందుతుంది. మూతి మరీ ఇరుకైతే ఆవిరి బయటికి పోలేక పిస్టన్‌ని వెనక్కి తంతుంది. మూతి చిమ్నీకి నడిమధ్యన లేకపోతే విసురు గోడకి కొట్టి వృథా అవుతుంది. గూచ్, బ్రూనెల్ కలిసి సరిగ్గా ఇదే చేశారు: మూతి పెద్దది చేసి, చిమ్నీకి నడిమధ్యకి జరిపారు. అదే ఇంజను 40 మైళ్ల వేగంలో 40 టన్నులు లాగింది, కోకు (బొగ్గు నుంచి చేసే వంటచెరుకు లాంటి ఇంధనం) ఖర్చు కూడా బాగా తగ్గింది. 1839 జనవరి సమావేశంలో బ్రూనెల్ ఉద్యోగమూ గేజీ రెండూ దక్కాయి. బిట్రగుంట రోజుల్లో డబ్ల్యూజీ అనే గూడ్సు ఇంజను స్టీమ్ రాక చిల్లకూరు దగ్గరో ఎక్కడో ఆగిపోయిన రాత్రి ఒకటి చెప్పారు నాన్న, చాలా పొడుగు కథ, మళ్లీ తీరిగ్గా రాయాలి.

తర్వాత గూచ్ తన సొంత నమూనాతో 1840 నుంచి 1842 దాకా ఫైర్ ఫ్లై తరగతి ఇంజన్లు 62 చేయించాడు. ఏడు కంపెనీలకి ఒకే డ్రాయింగులూ, ఇనప అచ్చులూ పంపాడు, ఒకదాని భాగం ఇంకోదానికి అతకాలని. వాటిలో ఫ్లెగెథాన్ 1842 జూన్ 13న విక్టోరియా రాణిని స్లౌ నుంచి ప్యాడింగ్టన్‌కి తెచ్చింది, నడిపింది గూచే. ఇంకోటి, ఇక్సియాన్, 1845 గేజి పోటీల్లో 80 టన్నులతో 60 మైళ్ల వేగం అందుకుని చిన్న గేజి ఇంజన్లని ఓడించింది. అయినా చివరికి ఓడింది వెడల్పు గేజే. అప్పటికి దేశంలో చిన్న గేజి 1,901 మైళ్లు, వీళ్లది 274. గ్లాస్టర్‌లో రెండు గేజిలు కలిసేచోట సరుకంతా ఒక వ్యాగన్‌లోంచి ఇంకో వ్యాగన్‌లోకి మోయడమే పని. గుంతకల్లులో మీటర్ గేజి రోజులు చూసిన నాన్నకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఆ గొడవ నడుస్తున్నప్పుడు లండన్‌లో రైళ్ల వ్యవహారాలు చూసే బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో ఉన్నాయన డల్హౌసీ. అందుకే మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చాక, అంతటా ఒకే గేజి ఉండాలని పట్టుబట్టాడు. ఆయన 6 అడుగులు అడిగితే బేరం ఐదున్నర దగ్గర తెగింది. 1870 నాటికి వైస్రాయి మేయో మీటర్ గేజి తెచ్చి ఆ ఒకే గేజి ముచ్చట కాస్తా ముగించేశాడు. మనం చిన్నది పీకి పెద్దది వేశాం, వీళ్లు 1892 మే నెలలో ఒక్క వారాంతంలో నాలుగు వేల మందికి పైగా కూలీలతో మిగిలిన పెద్ద పట్టాలన్నీ దగ్గరికి జరిపేశారు.

ఈ నార్త్ స్టార్ కూడా అసలుది కాదని చివర్లో చెప్పాను. అసలుది 1871లో పని మానేసి స్విండన్‌లోనే ఉండేది. చోటు చాల్లేదని 1906లో కోసి తుక్కు చేశారు. 1925 రైల్వే శతాబ్ది ఉత్సవాలకని, దొరికిన పాత భాగాలు కలుపుకుని దీన్ని కట్టారు. నాన్న ఇంజను చుట్టూ ఇంకో చుట్టు తిరిగి, ఏది పాతది ఏది కొత్తది అని ఒక్కో రివెట్టూ పరీక్షించడం మొదలుపెట్టారు. అమ్మ నుంచి ఫోన్లు. కోటు కొనలేదట, అన్నీ ఖరీదేనట.

డిడ్‌కాట్‌లో ఫైర్ ఫ్లై నకలు ఉందనీ, అక్కడ వెడల్పు పట్టాలు కూడా కొంత వేశారనీ కారులో చెప్పాను. ఇంటికొచ్చి అన్నం తింటూ నాన్న అడిగింది ఒకటే: “ఏ రోజు నిప్పేస్తారో కనుక్కో. చల్లారిన ఇంజన్ని చూట్టానికైతే నేను రాను.”