ఎర్రగీత

పదకొండు దాటింది, ఆ ఎర్రగీత ఇంకా కళ్ళముందే ఉంది. భూగర్భశాస్త్ర పదాలకి పోలిష్, రొమేనియన్ అనువాదాల పట్టిక సరిచూసే పని నా నెత్తిన పడింది, అదే. అందులో 'అఫానిట్' అని ఒకరకం రాయి పేరు. పోలిష్ గడిలోనూ అదే, రొమేనియన్ గడిలోనూ అదే, అక్షరం తేడా లేదు. రెండూ ఒకేలా ఉన్నాయని సాఫ్ట్‌వేర్ ఎర్రగీత పెట్టేసింది. మా సారేమో మీటింగులో అందరి ముందూ "ఒకదాన్ని చూసి ఇంకోటి కాపీ కొట్టారమ్మా" అన్నారు. కాదు సార్, రెండూ గ్రీకు నుంచి తెచ్చుకున్నవే, 'కనబడనిది' అని అర్థం, అన్నాను. "పోలిష్ స్లావిక్ కుటుంబం, రొమేనియన్ లాటిన్ సంతానం, ఒకేలా ఎలా ఉంటాయి?" అన్నారాయన. మనమూ తమిళులూ ఇద్దరం బస్సునే ఎక్కట్లేదా! ఈ జవాబు పప్పులో తాలింపు వేస్తుంటే తట్టింది, ఏం లాభం.

కనబడనిది రాయి కాదు, అందులోని స్ఫటికాలు. లావా పైకొచ్చి గబుక్కున చల్లారితే వాటికి పెరిగే టైమ్ ఉండదు, ఉత్త కంటికి ఆనవు. పోలండ్‌లో జ్వోతోరియా దగ్గరి విల్చా గురా, రొమేనియాలో దెతునాత కొండ, రెండుచోట్లా స్తంభాల్లా నిలబడ్డ బసాల్టు ఆ బాపతే. మన వికారాబాద్ వైపు నల్లరాయి కూడా. ఫొటోలు చూస్తూ అరగంట పోగొట్టాను.

అమ్మమ్మ రోలు మాత్రం గ్రానైటు. భూమి లోపల నిదానంగా చల్లారిన రాయి కాబట్టి గింజలన్నీ కనబడేవి, తెల్లవి, నల్లవి, కొంచెం గులాబీవి. తను గోంగూర నూరుతుంటే పక్కన చేరి వేలితో లెక్కపెట్టేదాన్ని, ఏనాడూ ఇరవై దాటలేదు, "చెయ్యి తియ్యవే, నలుగుతుంది" అని అరిచేది. లోపల నున్నగా అరిగిపోతే గంట్లు కొట్టేవాడిని పిలిచేది. ఉలి పడ్డచోటల్లా తెల్లటి పొడి. తర్వాత రెండుసార్లు తవుడు వేసి నూరి పారబొయ్యాల్సిందే, లేకపోతే పచ్చడిలో ఇసుకే. ఆ రోలిప్పుడు మావయ్యావాళ్ళ పెరట్లో బోర్లా పడుంది.

సరే, సారుకి గట్టిగా మెయిల్ రాద్దామని పట్టిక మళ్ళీ తెరిచాను. కింద బహువచనాల వరస. పోలిష్ మాట చివర ఇంగ్లీషు వై (y) అక్షరం రావాలి, రొమేనియన్‌కి ఇ (e). మా పట్టికలో రెండింటికీ ఇ (e) యే! కాపీ కొట్టారు, నిజంగానే. సాఫ్ట్‌వేర్ అక్కడా ఎర్రగీత పెట్టిందట, కోపంలో నేనే రెండూ కలిపి 'ఓకే' నొక్కేశాను.

సారు పదింటికి గానీ రారు. ఎనిమిదింటికే వెళ్ళి దిద్దేస్తాను. ఆయనకి చెప్పడం సంగతి... ఏమో, మెయిలైతే చెరిపేశాను.