భోగి నాడు పట్టుకున్న జ్వరం

భోగి మంట చుట్టూ అందరూ చలి కాచుకుంటుంటే నాకు ఆ సెగ ఆనలేదు. కాసేపటికే కనుబొమ్మల పైన సుత్తితో కొడుతున్నట్టు తలపోటు, నడుం, పిక్కల్లో నొప్పులు. మాది పలాస దగ్గర పల్లెటూరు. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా సాగర వైపు కరెంటు లైను పనికి సూపర్‌వైజర్‌ని. పండక్కని ఇంటికొచ్చి అప్పటికి నాలుగు రోజులు.

ఊళ్లో నొప్పులకు ఇంజెక్షన్ చేయించుకుంటే తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. కనుమ నాటికి కళ్లు చింతనిప్పుల్లా అయ్యాయి. పలాసలో రక్తపరీక్ష చేయిస్తే మలేరియా కాదు, డెంగీ కాదు. ప్లేట్‌లెట్లు 62 వేలు, తెల్లకణాలు 2,100, రెండూ బాగా తక్కువ. మర్నాడు పళ్లు తోముకుంటుంటే నురగంతా ఎరుపు. బావ అప్పటికప్పుడు కారు మాట్లాడి శ్రీకాకుళం తీసుకెళ్లాడు.

అక్కడ మొదట స్క్రబ్ టైఫస్ అనుకున్నారు, నల్లి లాంటి చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం. చంకల్లో, గజ్జల్లో అది కుట్టినచోట ఏర్పడే నల్లని పెచ్చు కోసం వెతికారు, లేదు. అయినా రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా దాని మందు డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని, "పండక్కి ముందు ఎక్కడున్నారండీ?" అని అడిగారు. అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అడవిలో తీగల కింద చెట్లు కొట్టించే పని అన్నాను. "అక్కడ కోతులేమైనా చనిపోయాయా?" అన్నారు.

ఒళ్లు జల్లుమంది. టవరు దగ్గర ఎండుటాకుల మీద చచ్చి పడున్న కోతిని మా కుర్రాళ్లు కర్రతో పక్కకు తోశారు. బయల్దేరే ముందు రోజే, బెల్టు కింద కరుచుకున్న నువ్వుగింజంత పిడుదును గోటితో పీకి పారేశాను. డాక్టరమ్మ అనుమానించిన జబ్బును అక్కడివాళ్లు 'మంగన కాయిలె' అంటారు, అంటే కోతుల జబ్బు. 1957లో ఆ జిల్లాలోనే క్యాసనూరు అడవిలో బయటపడింది. పిడుదుల ద్వారా వచ్చే వైరస్ అది. ఒంటికి రాసుకోమని ఆరోగ్య కార్యకర్త ఇచ్చిన నూనె సీసా మూత కూడా తీయలేదు నేను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

మొదటి వారంలోనైతే రక్తంలో వైరస్ జాడ పట్టే పీసీఆర్ పరీక్షకు అది దొరుకుతుందట. నాకది నాలుగో రోజు. రక్తాన్ని మూడు పొరల ప్యాకింగులో, ఐసులో పెట్టి పుణె జాతీయ వైరాలజీ సంస్థకు పంపారు. పాజిటివ్.

ఈ వైరస్‌ను చంపే మందంటూ లేదు. సెలైను, పారాసెటమాల్, గంటగంటకూ బీపీ. ప్లేట్‌లెట్లు 18 వేలకు దిగి, ముక్కు నుంచి రక్తం వచ్చినప్పుడు ఎక్కించారు. నొప్పుల ఇంజెక్షన్లు వద్దని, రక్తస్రావం పెరుగుతుందని కేస్‌షీటు మీద ఎర్ర పెన్నుతో రాశారు డాక్టరమ్మ.

అమ్మ గుమ్మం దాటి రాలేదు. "మా గుంటణ్ణి ముట్టుకోవచ్చా తల్లీ?" అని అడిగింది. "ఇది మనిషి నుంచి మనిషికి అంటుకోదమ్మా" అనగానే వచ్చి నా పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తెల్లారేదాకా లేవలేదు.

డిశ్చార్జి రోజు డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పారు, పది మందిలో ఒకరిద్దరికి జ్వరం తగ్గాక మళ్లీ వస్తుందని. నాకు వచ్చింది, సరిగ్గా తొమ్మిదో రోజు. టీ గ్లాసు అంచు పళ్లకు టకటకా కొట్టుకునేంత వణుకు. మెడ వంగలేదు. బావకు చెప్పడానికి ఒక్క నిమిషం ఆలస్యం చేయలేదు. ఇంకో ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఈసారి రక్తం మాత్రం పడలేదు.

ఆ మంచం మీద నుంచే సైటుకు ఫోన్ చేశాను. ఇచ్ఛాపురం కుర్రాడు మూడు రోజులుగా జ్వరంతో గదిలో పడుకుని నొప్పుల మాత్రలు మింగుతున్నాడు. "ఆ మాత్రలు ఆపించు. సాగర ఆసుపత్రికి తీసుకెళ్లి ముందు కోతి సంగతి చెప్పు" అన్నాను వాళ్ల అన్నయ్యతో. బండి స్టార్ట్ చేసిన చప్పుడు వినపడేదాకా ఫోన్ పెట్టలేదు.