ఇంటి నెట్‌వర్క్‌లో గోదావరి, మంజీర

శనివారం

ఇంట్లో రెండు రాస్ప్‌బెర్రీ పైలు, అంటే బుల్లి కంప్యూటర్లు, ఉన్నాయి. ఒకటి ఫోటోల బ్యాకప్‌కి, ఇంకోటి మేడ మీద ట్యాంకులో నీళ్ల మట్టం చూడ్డానికి. రెండింటికీ మొదటినుంచీ ఉన్న పేరు ఒకటే: రాస్ప్‌బెర్రీపై. అలా ఒకే పేరుతో రెండుంటే, ఆలస్యంగా లేచినదాని లోకల్ పేరు (ఇంటి నెట్‌వర్క్‌లో పిలిచే పేరు) చివర, ఆ పేర్లు చూసుకునే అవాహీ అనే ప్రోగ్రామ్ -2 తగిలిస్తుంది. నిన్న కరెంటు పోయి వచ్చాక లేచే వరస మారింది, పేర్లు తారుమారయ్యాయి. యంత్రాన్ని గుర్తుపట్టే కీ మారిపోయిందని, ఇంకో యంత్రం నుంచి లాగిన్ అయ్యేందుకు వాడే ఎస్‌ఎస్‌హెచ్ హెచ్చరించి లోపలికి రానివ్వలేదు.

ఫోటోలదానికి గోదావరి, ట్యాంకుదానికి మంజీర అని ఖాయం చేశాను. పేర్లు మనవే గానీ టైప్ చేసేది ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే. అంకెలు, హైఫన్ కూడా పెట్టుకోవచ్చు. అండర్‌స్కోర్, ఖాళీ మాత్రం వద్దు.

సుడోతో (అడ్మిన్ హక్కులిచ్చే కమాండ్) హోస్ట్‌నేమ్‌సీటీఎల్ సెట్-హోస్ట్‌నేమ్ అనే కమాండ్ కొట్టి కొత్త పేరు ఇచ్చాను. పని అక్కడితో అవ్వదు. ఈటీసీ ఫోల్డర్లోని హోస్ట్స్ ఫైల్లో, యంత్రం తనకోసమే వాడుకునే 127.0.1.1 చిరునామా పక్కన పాత పేరే ఉండిపోతుంది, అదీ మార్చాలి. మంజీరలో ఇది మర్చిపోతే, సుడో వాడిన ప్రతిసారీ హోస్ట్ పేరు దొరకడం లేదని ఫిర్యాదు.

ఆదివారం

ఇవాళంతా సరిచూడ్డమే. ఆ యంత్రంలోనే హోస్ట్‌నేమ్ అని కొడితే, అది తనను తాను ఏమనుకుంటోందో తెలుస్తుంది, అంతే. మిగతావాళ్లు దాన్ని గుర్తుపడుతున్నారా అన్నది ఇంకో యంత్రం నుంచే చూడాలి. లాప్‌టాప్ నుంచి గోదావరి డాట్ లోకల్‌కి పింగ్ (ఉన్నావా అని అడిగే కమాండ్) కొడితే వెంటనే పలికింది. పేర్లు వెతికే ఎన్‌ఎస్‌లుకప్ కమాండ్ మాత్రం అలాంటి పేరే లేదంది. గంటసేపు తల పట్టుకున్నాక అర్థమైంది: అది పేర్లకు చిరునామాలు చెప్పే డీఎన్‌ఎస్ సర్వర్‌నే అడుగుతుంది. డాట్ లోకల్ పేర్లు ఎండీఎన్‌ఎస్‌వి, అందులో విడిగా సర్వర్ ఉండదు. 224.0.0.251 చిరునామాకి, 5353 పోర్టులో, "గోదావరి ఎవరు?" అని ఇంట్లో అందరినీ ఒకేసారి అడిగితే, ఆ పేరు గలదే జవాబిస్తుంది. లినక్స్‌లో గెట్‌ఎంట్ హోస్ట్స్ కమాండ్‌తో చూడడం మేలు. రౌటర్ జాబితాలో ఇంకా పాత పేరే ఉంది, డీహెచ్‌సీపీ లీజు (రౌటర్ కొంతకాలానికి ఇచ్చే చిరునామా) మళ్లీ తీసుకున్నప్పుడు మారుతుంది.

విండోస్ పీసీకి పెన్న. సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో రీనేమ్ నొక్కి రీస్టార్ట్ చేస్తే చాలు. పేరు 15 అక్షరాలు దాటకుండా చూసుకున్నాను, విండోస్ పాత పేర్ల పద్ధతి నెట్‌బయాస్ హద్దు అదే.

రాత్రి మెయిన్ మూడుసార్లు ఆపి వేశాను. మూడుసార్లూ గోదావరి గోదావరిగానే, మంజీర మంజీరగానే లేచాయి.